సవరణ: వెనిస్‌లో ఆ కుప్పలు కూల్చిన భవనానివి కావు

స్పెయిన్ కళాకారిణి లారా అల్మార్సెగి గురించి మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో, 2013లో, స్పెయిన్ పెవిలియన్‌ను (ఆ దేశపు ప్రదర్శన భవనాన్ని) లోపల కూల్చి, ఆ శిథిలాలనే కుప్పపోశారని రాశాను. ఫొటోలు చూసి నేనే అలా అనుకున్నాను, సరిచూసుకోలేదు. పొరపాటు నాదే.

ఆ భవనాన్ని ఎవరూ కూల్చలేదు. ప్రదర్శనతో పాటు విడుదల చేసిన వివరణ ప్రకారం, 1922లో దాన్ని కట్టడానికి ఏ సామగ్రి ఎంత పట్టిందో లెక్కగట్టి, అంతే సరుకు బయటి నుంచి తెచ్చి పోశారు. నడిమి గదిలో సిమెంటు ముక్కలు, కంకరలా పగలగొట్టిన ఇటుక, పెంకు కలిసి పెద్ద గుట్ట. పక్క గదుల్లో రంపపు పొట్టు, గాజు, ఇనుప చిట్టెం-బూడిద విడివిడిగా.

ఈ తేడా చిన్నది కాదు. నేను విధ్వంసం అన్నాను. ఆమె చేసింది మేస్త్రీ వేసే అంచనా లాంటిది. ఇల్లు మొదలవకముందు వాకిట్లో దిగే ఇసుక, కంకర కుప్పల్ని తలచుకోండి. ఇక్కడ కట్టిన గోడల మధ్యనే ఆ గోడలకు పట్టిన సరుకంతా కళ్లముందు ఉంది.

అదే పోస్టులో వెనిస్ పక్కనున్న మురానో దగ్గరి పాడుబడ్డ దీవి సాకా సాన్ మత్తియా గురించి రాసినదానిలో మార్పు లేదు. పాత పోస్టులో పెవిలియన్ గురించిన పేరా సరిదిద్దాను.