ఎడిటర్ల దౌర్జన్యం నశించాలి

నా తొలి నవల 612 పేజీలు. ఎడిటర్ చేతిలో పెట్టిన రోజు అక్షరాలా అంతే. తిరిగొచ్చేసరికి 240. నా సూర్యోదయాలన్నీ ఏమయ్యాయండీ అని అడిగితే, "మొదటి అధ్యాయంలోనే నాలుగుసార్లు తెల్లారింది, ఒకటి ఉంచాను" అన్నారు. పొద్దుపొడుపుకి కూడా రేషన్ పెట్టే మనుషులకి సాహిత్యం అప్పగించాం మనం.

ఇది నా ఒక్కడి గోడు కాదు. విలియం గోల్డింగ్ అనే బడిపంతులు తొలి నవల ఎన్నో ప్రచురణ సంస్థల గడప తొక్కి, నలిగిపోయి 1953లో ఫేబర్ సంస్థకి చేరింది. అక్కడ మొదట చదివినావిడ "చెత్త, నీరసం" అని తేల్చేశారు. పోనీలే, అక్కడితో వదిలేసినా బాగుండేది. చార్లెస్ మాంటీత్ అనే కొత్త ఎడిటర్ దాన్ని పైకి తీసి, మొదట్లో ఉన్న అణుయుద్ధం మొత్తం కోయించాడు. చివరికి పేరు కూడా మార్చేశారు. పాపం గోల్డింగ్‌కి 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' అనే పుస్తకం, 1983లో ఒక నోబెల్ తప్ప ఏం మిగిలింది?

'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' రాసిన అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ సంగతి ఇంకా ఘోరం. 1957లో ఆమె తెచ్చిన రాతప్రతిలో కథానాయికకి ఇరవయ్యారేళ్లు. టే హోహాఫ్ అనే ఎడిటర్ పట్టుబట్టి రెండేళ్లకు పైగా తిరగరాయించారు. అంతా అయ్యేసరికి కథానాయిక ఆరేళ్ల పిల్లయి కూర్చుంది. మధ్యలో ఓ చలికాలం రాత్రి విసిగిపోయిన లీ కాగితాలన్నీ కిటికీలోంచి మంచులోకి విసిరేసి, ఏడుస్తూ ఎడిటర్‌కి ఫోన్ చేశారట. వెళ్లి ఏరుకోమన్నారట ఆవిడ. కనికరం ఉందా? 1961లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు సరే, తడిసిన కాగితాలకి ఎవరిచ్చారు?

నా విషయానికొస్తే, ఎర్రసిరాలో ఒక్క ప్రశ్న నన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. 412వ పేజీ మార్జిన్‌లో చిన్నగా, చాలా మర్యాదగా రాసి ఉంది: "ఈ తమ్ముడు 37వ పేజీలో చనిపోయాడు కదండీ, గొడుగు వేసుకుని ఎలా వచ్చాడు?"

అది ప్రతీకాత్మకం అని జవాబు రాశాను. వచ్చింది వాడు కాదు, వాడి ఆత్మ.

మర్నాడే మళ్లీ ఎర్రసిరా. "ఆత్మకి గొడుగెందుకండీ?"

ఆ గొడుగుని సమర్థిస్తూ కొత్తగా ఓ అధ్యాయం రాస్తున్నాను. ఇప్పటికి 70 పేజీలయింది. వాన ఇంకా మొదలుకాలేదు.