గాల్లో బిగిసిన బోల్టు గారికి

మహారాజరాజశ్రీ స్పోర్ట్స్ కారు వెనక ఎడమ షాకబ్జర్ కింది బోల్టు గారి సముఖానికి నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడిగే పని లేదు. తమరి తలా తోకా పాత బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, నడుము మాత్రం ఇంకా షాకబ్జర్ కింది రింగులో, అదే దాని చెవిలోనే, ఇరుక్కుని ఉంది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి మిమ్మల్ని బయటికి పిలిస్తే, వచ్చేసరికి నాలుగున్నర అయింది. అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు కూడా బండి తాళం చూపిస్తే దిగుతాడు. మీకేం తక్కువ చేశాం? ముందురోజు రాత్రి తుప్పు వదిలే స్ప్రేతో తలస్నానం, పొద్దున్నే రెండో స్నానం, పానాకు తొడిగిన మూడడుగుల పైపు, రెండు కిలోల సుత్తి. నట్టు మర్యాదగా ఊడొచ్చింది. మీరు మాత్రం బుష్షు, అంటే ఆ చెవిలో కూర్చున్న రబ్బరు దిండు, దాని లోపలి ఇనుప గొట్టాన్ని కావలించుకుని, దాంతోపాటే గుండ్రంగా తిరిగారు తప్ప నూలుపోగంత కూడా పక్కకు జరగలేదు. మంట పెడదామంటే పైన నైట్రోజన్ నింపిన షాకబ్జర్, చుట్టూ చక్రాన్ని పట్టుకునే అల్యూమినియం ఆర్మ్. ఇక చేసేది లేక ఆర్మ్ చెవికీ బుష్షు గొట్టానికీ మధ్య ఉన్న సందులో హాక్సా బ్లేడు దూర్చి అటొక కోత, ఇటొక కోత. మీ నెత్తి మీద 10.9 అని ఉంది కదా, అంటే చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్ల లాగుడుకు ఓర్చుకునే జాతి. ఆ సంగతి మూడు బ్లేడ్లు విరిగాక బాగా అర్థమైంది.

మీ మొండితనం మీద పెద్దగా కోపం లేదు. పాత బోల్టునే మళ్లీ వేస్తే, అదీ తుప్పు తుడవకుండా పొడిగా సుత్తితో దిగ్గొడితే, ఎవరైనా అంతే చేస్తారు. కోపమల్లా తమరు పోయిన మృగశిరకు ముందు ఎక్కడ, ఏ భంగిమలో బిగిశారన్న దాని మీద.

ముందుగా తమరి పైన ఆసీనులైన దొరవారి గురించి ఒక మాట. పేరేమో షాకబ్జర్, అంటే దెబ్బను పీల్చుకునేది. నిజానికి గుంతలో దెబ్బ తినేది స్ప్రింగు. ఆ దెబ్బ తిన్న స్ప్రింగు ఇక ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును ఆయిల్లో సన్నటి రంధ్రాల గుండా నెట్టి వేడిగా మార్చి ఆపేవారు దొరవారు. 1950ల్లో దె కార్బొన్ అనే ఫ్రెంచి ఇంజినీరు ఒకే గొట్టంలో ఒకవైపు ఆయిలు, ఇంకోవైపు నైట్రోజను, మధ్యలో తేలే పిస్టన్ పెట్టి చూపించాడు. 1957 నుంచి బిల్‌స్టైన్ కంపెనీ వాటిని మెర్సిడెస్ కార్లకు పెద్ద ఎత్తున చేసిపెట్టింది. చాలా స్పోర్ట్స్ కార్లు ఇప్పటికీ ఆ దారిలోనే ఉన్నాయి. కొన్నిటికి వైర్లు కూడా ఉంటాయి, గట్టిదనాన్ని కంప్యూటరే మారుస్తుంది. ఒక్కదాని ధరే ఒకెకరం వరి పెట్టుబడిని దాటిపోతుంది. ఇంత రాజవైభోగాన్నీ కిందనుంచి మోసేది ఎవరయ్యా అంటే, వేలెడంత లావున్న తమరు.

ఇక అసలు సంగతి.

టూ పోస్ట్ లిఫ్ట్, అంటే రెండు స్తంభాల లిఫ్ట్ మీద కారును పైకెత్తితే నాలుగు చక్రాలూ కోడికాళ్లలాగా కిందికి వేలాడతాయి. అదే భంగిమలో వర్క్‌షాపువాళ్లు కొత్త షాకబ్జర్ ఎక్కించి, తమరిని దూర్చి, గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ను పెట్టి 'డర్ర్ర్' అని రెండు క్షణాల్లో ముగించారు. తమరు బిగిస్తే బుష్షు లోపలి గొట్టం ఆర్మ్‌కు అతుక్కుపోతుంది. బయటి గొట్టం షాకబ్జర్ చెవిది. మధ్యలో ఉన్నది రెండింటికీ అంటించిన రబ్బరు. అది బేరింగులా జారదు, తువ్వాలును పిండినట్టు మెలి తిరుగుతుంది. కారు నేల మీద నిలబడిన చోట ఆ మెలి సున్నా ఉండాలి. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం, వేలాడితే చక్రం 8 సెంటీమీటర్లు జారిందనుకుందాం. లెక్క వేస్తే దాదాపు 13 డిగ్రీలు. అంటే కారును దించిన మరుక్షణమే, ఇంకా ఒక్క గజం కూడా నడవకముందే, రబ్బరు 13 డిగ్రీలు మెలిపడి ఉంది. చక్రం ఇంకో 5 సెంటీమీటర్లు పైకి లేస్తే మరో 8 డిగ్రీలు దానికి తోడు. నేల మీద బిగించి ఉంటే ఆ గుంతకు 8 డిగ్రీలతో పోయేది, ఇప్పుడు 21. షెడ్డులో నిలబెట్టినా, ఇంటివాళ్లు నిద్రపోతున్నా, రబ్బరుకు మాత్రం నిద్ర లేదు.

గన్ను పట్టినవాణ్ని అడిగితే వచ్చిన సమాధానం: "బోల్టు బోల్టే గదన్నా, పైన బిగిస్తే ఏంది, కింద బిగిస్తే ఏంది?"

ఏందో ఎడమ చెవి చెప్పింది. మొదట పొద్దుటి పూట మూలుగు, తర్వాత స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు 'కటక్', ఆ తర్వాత ప్రతి అతుకు దగ్గరా 'కటక్ కటక్'. అప్పుడు వచ్చే తీర్పు ఎప్పుడూ ఒకటే: "షాకప్పులు పోయినయ్ సార్, జత మార్చాలె." షాకప్పులు పోలేదు నాయనా! పోయిందో లేదో చూడడానికి బానెట్ మీద చేయి పెట్టి ఊపే పరీక్ష పాత అంబాసిడర్‌తోనే పోయింది. గట్టి స్ప్రింగుల స్పోర్ట్స్ కారును ఎంత నొక్కినా తెలిసేది ఏమీ లేదు. డస్ట్ బూటు, అంటే రాడ్డు మీది దుమ్ము తొడుగు, ఎత్తి చూడాలి. దుమ్ము పట్టిన సన్నటి చెమ్మ ఉంటే భయం లేదు, ఆయిలు ధారగా కారి ఒంటిమీద మెరుస్తుంటే ఖతం. టైరు మీద అరచేయి ఆడిస్తే ఎత్తుపల్లాలు, గిన్నెల్లాంటి అరుగుళ్లు తగిలితే దాని పని అయిపోయినట్టే. రెండూ లేకుండా చప్పుడు మాత్రమే ఉందంటే, గునపం లాంటి ప్రై బారు పెట్టి బుష్షును ఒత్తి చూడాలి. రబ్బరులో నెలవంక లాగా చీలిక కనబడుతుంది. దీనికి ఐదు నిమిషాలు చాలు.

చీలిన బుష్షును ప్రెస్సులో నొక్కి తీసి కొత్తది దించొచ్చు కదా అంటారా? ఈ కారుకు బుష్షు విడిగా అమ్మరు. వడ్ల గింజకు పురుగు పడితే బస్తా పారబోయాలట.

ఈ మధ్యలో ఇతర సామంతుల మీద కూడా చిన్న ఫిర్యాదులు ఉన్నాయి, తమరి ద్వారా చేరవేయగలరు. స్పీడ్ బ్రేకర్ అంటే 17 మీటర్ల వ్యాసార్థం, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది, 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి. మన పల్లెల దగ్గర మిగిలిన కంకరతో రాత్రికి రాత్రి పుట్టేవాటిని ఆ లెక్కలో ఏమనాలో ఎవరైనా చెప్పాలి. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేర్చేవారికి ఒక దండం. ఆ వడ్లు తినేవాళ్లమే కాబట్టి ఇంతకన్నా ఏమీ అనలేం. "షాకప్పుకు రంధ్రం కొట్టి ఆయిల్ పోసి గ్యాస్ కొట్టిస్తాం" అనే మహానుభావులకు మాత్రం దూరం నుంచే. ఆ గొట్టంలో తేలే పిస్టన్ ఉంటుందని, గ్యాసు ఒత్తిడి టైరు గాలికి ఎన్నో రెట్లు ఉంటుందని తెలిసినవాళ్లు డ్రిల్లు అంత ధైర్యంగా పట్టుకోరు.

పైనున్న నట్టు సంగతి కూడా అంతే. అక్కడా గన్నే. గన్ను పెడితే నట్టుతోపాటు రాడ్డు కూడా గిర్రున తిరుగుతుంది. తిరక్కుండా దాన్ని ప్లయరుతో పట్టుకుంటే క్రోమియం మీద గీత, గీత పడ్డచోట సీలు కోసుకుపోతుంది, వారం తిరక్కముందే కొత్త షాకబ్జర్ చెమట కక్కుతుంది. రాడ్డు కొసన ఆలెన్ కీ పెట్టుకునే గుంట ఎందుకు ఇచ్చారో కొంచెం చూస్తే తెలుస్తుంది. చూడరు.

ఇంతసేపూ 'తమరు', 'మీరు' అన్నాం. ఇక మనవల్ల కాదు. ఒరేయ్ బోల్టూ, నువ్వు తప్పు చోట బిగిశావు, సరే, నీకు నోరు లేదు. గన్ను పట్టినవాడికి ఉంది కదా! కుడివైపున నీ తమ్ముడు ఉన్నాడు, నీతోపాటే అదే రోజు గాల్లో బిగిసినవాడు. కారును చక్రాల మీద నిలబెట్టి వాడి నట్టును వదులు చేశాం. పానా అరచుట్టు తిరిగిందో లేదో, లోపల బుష్షు గొట్టం తనంతట తాను 'టక్'మని తిరిగింది. నట్టు కింద రింగు పడిన మెరుపు మరక కొంచెం పక్కకు జరిగింది. చూడండి, ఏడాదిపాటు ఊపిరి బిగబట్టుకుని ఉన్నదొకటి ఒక్కసారిగా వదిలేసినట్టు! ఆ ఒక్క 'టక్' చాలు, మిగతా వాదన అంతా దండగ. ఆర్మ్‌ను బండికి కలిపే లోపలి కొస బోల్టులు కూడా ఆ రోజే వదులు చేసి గాల్లోనే బిగించారు, వాటిదీ ఇదే కథ. ఇన్ని లక్షల బండికి, ఇన్ని వేల లేబరుకు, ఆఖరున పది నిమిషాల ఓపిక లేదు. ఏసీ గది, కాఫీ మిషను, గాజు గోడ, అన్నీ ఉన్నాయి. ఆ గోడ అవతల నాలుగు చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి.

విచిత్రం ఏమంటే, ఈ పనికి సరైన చోటు నార్కట్‌పల్లి దారిలో లారీలు బాగుచేసే షెడ్డు. అక్కడ లిఫ్ట్ లేదు, గుంట ఉంది. బండి తన చక్రాల మీద తాను నిలబడే ఉంటుంది, మనిషే కిందికి దిగుతాడు. మిర్యాలగూడ వడ్ల లారీల కమాన్లు, అంటే పట్టీ స్ప్రింగులు, మార్చే ముసలి మేస్త్రీలకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పలేదు: "బండి బరువు దాని మీద పడ్డంకనే గట్టిగ బిగియ్యాలె. లేకుంటే బుష్షును తినేస్తది." స్పోర్ట్స్ కారు పొట్ట నేలకు ఆనుతుంది కాబట్టి గుంట దాకా రెండు పొడుగు చెక్కలు వేసి మెల్లగా ఎక్కించాలి, అంతే.

గుంట దొరకనివాళ్లకు ఇంకో దారి ఉంది. కారు ఎత్తకముందే చక్రం నడిబొడ్డు నుంచి ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. కొత్తది ఎక్కించి బోల్టు చేతిబిగువు వరకే తిప్పాలి. స్టాండ్ల మీద బండి గట్టిగా కూర్చుందో లేదో చూసి, చక్రం బిగించే హబ్బు కింద రెండో జాకీ పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తాలి. బండి స్టాండు మీంచి లేవడం మొదలైతే అక్కడే ఆగాలి. కొలత రాకపోతే ఆ వైపు పని గాల్లో పూర్తి చేయకుండా, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి బండిని వాటి మీదికి దించడమే మేలు. అప్పుడు టార్క్ పానా, అంటే ఎంత బలంగా తిప్పుతున్నామో కొలిచే పానా, మాన్యువల్లో ఉన్న లెక్క. 'ఇంత టార్కు, ఆపైన ఇన్ని డిగ్రీలు' అని రాసి ఉంటే సాధారణంగా ఆ బోల్టు ఒక్కసారికే, మళ్లీ వాడకూడదు. కొత్త బోల్టు కాడకు మాత్రం సన్నగా తుప్పు పట్టనివ్వని గ్రీజు, మరలకు వద్దు, మరలకు పూస్తే టార్కు లెక్క తప్పుతుంది. బంప్ స్టాపు అనే ఆపుడు దిమ్మ, డస్ట్ బూటు, పై రబ్బరు మౌంటు ఎలాగూ విప్పాం కాబట్టి అవీ కొత్తవే. ఆఖరున అలైన్‌మెంటు.

నీ చోట కూర్చున్న కొత్తవాడు నిన్న సాయంత్రం గుంటలో, బండి బరువు నెత్తిన మోస్తూ బిగిశాడు. తల మీద తెల్ల పెయింటు గీత పెట్టాం, కదిలితే తెలుస్తుంది. క్లాక్ టవర్ దాకా పోయి వచ్చాం, చప్పుడు లేదు.

నీ నడుము ముక్క పాత షాకబ్జర్ చెవిలోనే ఉంది. కొట్టి తీద్దామని సుత్తి ఎత్తి, మళ్లీ పక్కన పెట్టేశాం. పాత ఇనుప సామాన్ల బండి వచ్చినప్పుడు ఇద్దర్నీ కలిపే వేస్తాం, నైట్రోజన్ సరిగ్గా తీయించాకనే. తలా తోకా ఉన్న ఆ బిస్కెట్ డబ్బా కూడా.

ఇట్లు,
వీపుకు గ్రీజు ఇంకా వదలని
నల్లగొండ వాస్తవ్యుడు