"చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పకండి

గొంతులోకి గొట్టం దించే ముందు, వెన్నులో సూది గుచ్చే ముందు మన గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళకి వినిపించే మాట ఒకటే: "ఏం కాదండి, చీమ కుట్టినట్టు ఉంటుందంతే." ప్రేమతోనే అంటారు. కానీ అది అబద్ధమని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత డాక్టరుగారు ఏం చెప్పినా ఆ మనిషికి నమ్మకం కుదరదు. మనం విదేశాల్లో ఉంటే, మనలో చాలామంది అమ్మానాన్నలు ఇవాళ అమలాపురంలోనో, రాజోలులోనో, పాలకొల్లులోనో పిల్లలెవరూ దగ్గర లేకుండా ఇలాంటి పరీక్షలకి వెళ్తున్నారు. అందుకే ఈ సంగతి మన సంఘం పట్టించుకోవాలని అడుగుతున్నాను.

మా పిన్నికి కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చెయ్యాలన్నారు. ఆసుపత్రివాళ్ళు చేతిలో ఓ ఇంగ్లీషు కాగితం పెట్టి, "ముందురోజు లిక్విడ్సే తీసుకోండమ్మా" అన్నారు. ఆవిడ రోజంతా మజ్జిగ, రాగిజావ తాగింది. పేగు శుభ్రపడలేదని మర్నాడు వెనక్కి పంపేశారు. పేగు శుభ్రపడడానికి ఇచ్చే మందునీళ్ళు మళ్ళీ మొదటినుంచీ తాగాల్సొచ్చింది. "గ్లాసులో పోస్తే అవతలి వైపు కనబడేవే తాగండి. కొబ్బరినీళ్ళు తాగొచ్చు, మజ్జిగా జావా వద్దు" అని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. అంతకు రెండు మూడు రోజుల ముందునుంచే గోంగూర, పనసపొట్టు కూర, గింజలుండే జామకాయలు మానాలనీ చెప్పాలి. షుగరు మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు వాటినేం చెయ్యాలో ముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవాలి.

ప్రయాణం గురించైతే ఎవరూ ఆలోచించరు. ఆ మందు సాధారణంగా సగం ముందు రాత్రి, మిగతా సగం పరీక్షకి కొన్ని గంటల ముందు తాగాలి. తెల్లవారుజామున అది తాగి, రాజోలులో బస్సెక్కి, చించినాడ వంతెన దాటి భీమవరం చేరడం డెబ్బై ఏళ్ళ మనిషికి ఎంత నరకమో ఊహించండి. "ఏ ఊరినుంచి వస్తున్నారండీ?" అని ముందే అడిగితే, రాత్రికే వచ్చి చుట్టాలింట్లో ఉండమని చెప్పొచ్చు కదా!

మాటలతో ఒరిగేదేముంటుందని కొట్టిపారేసేవాళ్ళకి ఒక పాత అధ్యయనం చెబుతాను. 1964లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి డాక్టర్లు, కడుపు ఆపరేషన్ చేయించుకున్న 97 మంది మీద చేసి ప్రచురించినది. వాళ్ళలో కొందరికి, నొప్పి ఎక్కడ వస్తుందో, ఎంతకాలం ఉంటుందో, ఎలా కదిలితే తగ్గుతుందో మత్తు డాక్టరు ముందే వివరించాడు. ఎవరికి వివరించారో సర్జన్లకి తెలియదు. ఆ కొందరికి నొప్పి మందు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగమే పట్టింది. సగటున 2.7 రోజుల ముందే ఇంటికి పంపించారు.

అలాగని "ఇప్పుడు బాగా నొప్పెడుతుంది, ఓర్చుకోండి" అని పదేపదే అంటే భయమూ నొప్పీ రెండూ పెరుగుతాయి. ఒంటికి ఏం తెలుస్తుందో, ఏ వరసలో తెలుస్తుందో చెప్పాలి. గొంతులోంచి గొట్టం దించి కడుపు లోపల చూసే ఎండోస్కోపీకైతే: "గొంతులో కొట్టే మందు చేదుగా ఉంటుందండి. కాసేపటికి గొంతు వాచినట్టు, మింగుడు పడనట్టు అనిపిస్తుంది, అది మందు పనిచేస్తున్నట్టు. ఎడమవైపు తిరిగి పడుకుంటారు. గొట్టం దిగేటప్పుడు ఓకారింతలొస్తాయి. ఊపిరికి అడ్డేమీ ఉండదు, ముక్కుతో నెమ్మదిగా పీల్చండి. ఉమ్ము మింగకండి, కారిపోనివ్వండి. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆపమనాలంటే చెయ్యెత్తండి." చదవడానికి నిమిషం కూడా పట్టలేదు కదా.

మనవైపు ఇంకో చిక్కుంది. డాక్టరుగారు ఏమన్నా "ఆయ్, అలాగేనండి" అంటాం. అది మర్యాద. అర్థమైందని కాదు. "అర్థమైందా?" అని అడిగినా వచ్చే జవాబు అదే. "ఇంటికెళ్ళి మీ కోడలుగారికి ఏం చెబుతారు?" అని అడిగితే ఏది అర్థం కాలేదో బయటపడుతుంది.

ఇక మన సంగతి. డల్లాస్ నుంచో, సిడ్నీ నుంచో కొడుకు వీడియో కాల్‌లో డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడతాడు. పక్కనే కూర్చున్న తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తుంటుంది. చివర్లో "అమ్మకి చెప్పకండి, కంగారుపడుతుంది" అంటాడు. ఒళ్ళు ఆవిడదైనప్పుడు మాట ఆవిడకి కాక ఇంకెవరికి చెప్పాలి? మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఒప్పుకున్నా ఆ అంగీకారం చెల్లదని, వివరంగా తెలిశాక రోగే ఒప్పుకోవాలని 2008లో మన సుప్రీంకోర్టే తేల్చింది.

డాక్టర్లని తప్పుపట్టడం తేలిక. కాకినాడ పెద్దాసుపత్రి ఓపీ జనాన్ని చూసినవాళ్ళెవరూ ఒక్కొక్కరికీ పావుగంట కేటాయించమని అడగలేరు. అందుకే ఈ పని వేరే మనిషికి అప్పగించాలి. మన సంఘాలు సంక్రాంతికి వెళ్ళి వైద్య శిబిరాలు పెడుతున్నాయి, యంత్రాలు కొనిస్తున్నాయి. ఈసారి ఆ డబ్బులో కొంత, స్థానికంగా ఒక నర్సమ్మకి జీతమిచ్చి, రోగుల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడానికి పెడదాం. అక్కడి డాక్టరు సరిచూసిన మాటల్ని అదే నర్సమ్మ గొంతుతో, మన యాసలోనే రికార్డు చేయించి వాట్సాప్‌లో పంపుదాం. చదువురాని తాతగారూ వినగలరు. ముందు కొలనోస్కోపీ, ఎండోస్కోపీ చాలు. రాతపని నేను చేస్తాను. సభ్యుల్లో గ్యాస్ట్రో డాక్టర్లు, నర్సులు ఎవరున్నా వచ్చే కార్యవర్గ సమావేశానికి ముందే చెయ్యి కలపండి.