మందు లేదని వదిలేయడమేనా?

బిడ్డ ముంజేయి సరిగా ఏర్పడలేదని, వేళ్లు రెండో మూడో మాత్రమే ఉన్నాయని తెలిసిన మరుక్షణం మన ఇళ్లలో విచారణ తల్లి మీదే మొదలవుతుంది. గ్రహణం పూట బయటికి వచ్చిందని కొందరు, మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని మరికొందరు తీర్పు చెప్పేస్తారు. ఇలాంటి లోపాలకు కారణమయ్యే అరుదైన జన్యు స్థితి కొర్నేలియా డి లాంగే సిండ్రోమ్ విషయంలో ఈ రెండు నిందలకూ ఆధారం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ పిల్లల వైద్యురాలు డి లాంగే 1933లో వివరించిన ఈ స్థితికి ప్రధాన కారణం ఎన్‌ఐపీబీఎల్ అనే జన్యువులోని మార్పు అని 2004లో తేలింది. ఆ మార్పు చాలా సందర్భాల్లో తల్లిదండ్రులిద్దరిలోనూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా తలెత్తుతుంది.

సుమారు 10 వేల నుంచి 30 వేల జననాల్లో ఒకరికి ఇది వస్తుందని అంచనా. కలిసిన కనుబొమలు, ఎదుగుదల లోపం, మేధో వైకల్యం దీని గుర్తులే అయినా, చేతులు మామూలుగా ఉండి లక్షణాలు స్వల్పంగా కనిపించే పిల్లలూ ఉంటారు కాబట్టి వారిని గుర్తించడం మరీ ఆలస్యమవుతుంది. ఈ పిల్లల్లో చాలామందికి కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది, వినికిడి లోపమూ తరచుగా ఉంటుంది. మాట రాని పిల్లవాడు ఛాతీలో మంటను చెప్పుకోలేక తల బాదుకుంటే, చేయి కొరుక్కుంటే, అది మొండితనమనో బుద్ధిమాంద్యమనో సరిపెట్టేసి అసలు నొప్పిని వెతకకపోవడం కంటే పెద్ద అన్యాయం ఉండదు. జన్యులోపాన్ని సరిచేసే మందు నేటికీ లేకపోవచ్చు గానీ, ఆ మంటకు మందు ఉంది, చెవులకు పరీక్ష ఉంది.

2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం మాత్రం జబ్బులను వాటికున్న చికిత్సను బట్టే మూడు వర్గాలుగా విడదీసింది. గుర్తించిన జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు సాయం ఇవ్వడం మంచిదే, కానీ ఏళ్ల తరబడి ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ప్రత్యేక బోధన అవసరమయ్యే పిల్లలకు ఆ వర్గాల్లో చోటు దొరకదు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఈ విధానం కింద ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. జన్యు పరీక్షా, శిక్షణా నగరంలో ఉన్నా, బిడ్డను చంకనెత్తుకుని ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో ప్రతి నెలా రావడం కూలి కుటుంబాలకు సాధ్యమా?

పిల్లల్లో పుట్టుక లోపాలను ముందే గుర్తించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నది ఇందుకే. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రతి జిల్లా కేంద్రంలోనూ థెరపిస్టుల పోస్టులు ఖాళీ లేకుండా చూడాలి, జన్యు పరీక్షకు నమూనాలు అక్కడి నుంచే హైదరాబాద్ చేరే ఏర్పాటు చేయాలి. ఆ కార్యక్రమం 18 ఏళ్లతో ముగుస్తుంది కనుక, ఆ వయసు దాటిన వారి బాధ్యత ఏ శాఖదో కూడా ఇప్పుడే తేల్చాలి.