ఆ కయోటీ వీడియో ఇక నాకు పంపకండి

వారంలో ఇది ఆరోసారి. మా ఊరి గ్రూపులో, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, చివరికి గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఇంకేమీ రాని మా చిన్నమ్మ వాళ్ల గ్రూపులో కూడా అదే వీడియో. టెక్సాస్‌లో టోపీ పెట్టుకున్న ఒకాయన నేలలో ఇనుప ట్రాపు పాతుతాడు, తెల్లారేసరికి కయోటీ (అమెరికాలో తిరిగే, తోడేలు కంటే చిన్నదైన దాని జాతి జంతువు) కాలు అందులో ఉంటుంది. కింద తెలుగులో: "అమెరికా రైతులు ట్రాపులతో కయోటీల పీడ వదిలించుకున్నారు. మన కాపరులు తోడేళ్లకు గొర్రెలను అప్పగించి ఏడుస్తున్నారు. ట్రాపు దొరక్కపోతే క్లచ్ వైరు ఉచ్చు పెట్టండి, అదీ కుదరకపోతే చచ్చిన గొర్రెకు గుళికలు కలపండి. పది గ్రూపులకు పంపండి."

మా మేనమామకు అనంతపురం జిల్లాలో ఎనభై గొర్రెలున్నాయి. సెలవులొస్తే ఆ రొప్పం (గొర్రెల దొడ్డి) పక్కనే పడుకుని పెరిగినవాణ్ణి కాబట్టి నోరు మూసుకుని ఉండలేకపోతున్నా.

పీడ వదిలించుకున్నారా? ఎక్కడ? అమెరికా ప్రభుత్వం 1915 నుంచీ డబ్బు పెట్టి మరీ వీటిని చంపిస్తోంది. ట్రాపులయ్యాయి, విషాలయ్యాయి, హెలికాప్టర్లలోంచి తుపాకులతో కాల్చడమూ అయింది. ఇప్పటికీ అక్కడి వ్యవసాయ శాఖ విభాగం ఒక్కటే ఏటా యాభై వేలకు పైగా కయోటీలను చంపుతోంది. ఇంతా చేస్తే, ఒకప్పుడు పడమటి మైదానాల్లో తిరిగే జంతువు ఇవాళ హవాయి తప్ప ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, షికాగో, న్యూయార్క్ పార్కుల్లో కూడా. అన్నట్టు దానికి దారి ఇచ్చింది కూడా వాళ్లే. కయోటీని తరిమికొట్టే తోడేళ్లను ముందే తుడిచిపెట్టేశారు కదా. నూరేళ్లుగా మందు వాడుతున్నా జబ్బు ఊరంతా పాకితే, ఆ చీటీ మనకెందుకు పంపుతున్నారు?

గ్రూపుల్లో ఇంకా ఏమంటున్నారంటే, "ఒకటి చస్తే మిగతావి భయపడి పారిపోతాయి." పారిపోవు. ఖాళీ అయిన చేనుకు కొత్త కౌలుదారు వచ్చినట్టు ఇంకోటి వస్తుంది.

"మన దేశంలో తోడేళ్లు లక్షల్లో పెరిగిపోయాయి." మూడు వేలు అటూ ఇటూ. లక్షల్లో పెరిగింది ఫార్వర్డులు.

నక్క కొమ్ము బీరువాలో పెట్టుకుంటే కలిసొస్తుందట, ట్రాపులో నక్క పడితే అది బోనస్ అట. నక్కకు కొమ్ము ఉండదు నాయనా. తర్వాతది.

అసలు నాకు ఒళ్లు మండింది గుళికల దగ్గర. వరిలో కాండం తొలిచే పురుక్కి చల్లే మందు అది. కళేబరానికి కలిపి గట్టు మీద పడేస్తే తోడేలే వచ్చి తింటుందని ఎవరు చెప్పారు? కాకి తింటుంది, గద్ద తింటుంది, పంది తింటుంది, అందరికంటే ముందు మన కుక్క తింటుంది. మామ దగ్గర ఒక నల్ల కుక్క ఉండేది, ఒక చెవి సగం తెగి. ఆరేళ్లు మందతోనే తిరిగింది, మామ పడుకున్నా అది పడుకునేది కాదు. ఒకరోజు పొద్దున ఎవరి చేని గట్టునో ఏదో తిని వచ్చింది. రొప్పం కంప దాకా నడిచొచ్చి అక్కడ పడిపోయింది, నోట్లో నురగ, నాలుగు కాళ్లూ ఈత కొడుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. మామ మజ్జిగ పోశాడు, చింతపండు రసం పోశాడు, ఏదీ లోపలికి దిగలేదు. ఎండెక్కేలోపే పోయింది. పదిహేను రోజులు తిరక్కుండా తోడేలు వచ్చి ఒక్క రాత్రిలో నాలుగు గొర్రెపిల్లల్ని పట్టుకుపోయింది, మామకు తెల్లారాక గానీ తెలియలేదు. అరవడానికి అక్కడ ఎవరున్నారు? ఆ గుళికలు పెట్టిన మహానుభావుడు తోడేలుకు ఇంతకంటే గొప్ప సాయం ఏం చేయగలడు? సన్మానం ఒక్కటే తక్కువ.

వీడియో అమెరికాదే కాబట్టి అమెరికా ముచ్చటే ఒకటి చెప్తా. 2017లో ఐడహో రాష్ట్రం పొకటెల్లోలో, కయోటీల కోసం ప్రభుత్వం వాళ్లే పాతిన సైనైడ్ గొట్టాన్ని పద్నాలుగేళ్ల కుర్రాడు ముట్టుకుంటే అది పేలింది. పక్కనున్న అతని కుక్క అక్కడే చచ్చింది. అక్కడ పాతింది శిక్షణ ఉన్న ఉద్యోగులు. ఇక్కడ పెట్టేది వాట్సాప్ చూసిన మీరు. క్లచ్ వైరుదీ అదే కథ, దానికి మెడ దొరికితే చాలు, ఎవరి మెడో చూసుకోదు. పైగా తోడేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. పది గ్రూపులకు పంపినవాడు బెయిలుకు వస్తాడా?

ఇంకో మాట, గొర్రెలన్నీ తోడేళ్ల వల్లే చస్తున్నాయన్నది. తొలకరికి ముందు చిటుక రోగం టీకా వేయించకపోతే, లేత గడ్డి మేసిన మంద ఎలా రాలుతుందో చూసినవాడెవడూ ఈ మాట అనడు. ఊరకుక్కల లెక్క కూడా తోడేలు ఖాతాలోనే రాస్తున్నారు. మామ చచ్చిన గొర్రెను తిప్పి చూసి చెప్పేస్తాడు. గొంతు దగ్గర పంటి గాట్లుంటే తోడేలు, తొడలూ పొట్టా ఎక్కడపడితే అక్కడ చీరేసి తినకుండా వదిలేస్తే కుక్కలు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ట్రాపు వల్ల అసలు లాభమే లేదని నేనూ ఒకప్పుడు వాదించేవాణ్ణి, అది తప్పు. కాలిఫోర్నియాలో ఒక గొర్రెల క్షేత్రం దగ్గర ఏళ్ల తరబడి గమనిస్తే, గొర్రెపిల్లల్ని ఎక్కువగా చంపేది ఆ చోటును ఏలే కయోటీ జంటేనని తేలింది. సరిగ్గా ఆ జంటను తీసేస్తే కొన్నాళ్లు నష్టం తగ్గింది. యూటాలో అయితే చంపకుండా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలేశారు, కూనలకు మేపే పని లేకపోయేసరికి దాడులు తగ్గాయి. కయోటీలకు కు.ని. ఆపరేషన్, నవ్వకండి. కానీ దోషిని గుర్తుపట్టడం వేరు, దారిన పోయే ప్రతి కాలికీ ఇనుము బిగించడం వేరు. మీ వీడియోలో ఉన్నది రెండోది.

మామకు ఆ వీడియో చూపించా. టోపీ ఆయన్ని కాదు, వెనకాల కంచెను చూశాడు. "అంత వలకంచె నాకుంటే తోడేలు యాల వస్తాది రా?" అన్నాడు. ఫోను నా చేతికిచ్చి, పొద్దు గూకుతోందని గొర్రెపిల్లల్ని గంపల కింద మూయడానికి లేచాడు.