నాయనమ్మకీ మనవడికీ మధ్య ఒక జర్మన్ దుబాసీ

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. పొడుగైందనుకునేవాళ్లు స్క్రోల్ చేసుకోండి.

నిన్న సాయంత్రం మా కాంపౌండ్‌లో పక్క ఫ్లాట్ వాళ్ల పిల్లాడి పుట్టినరోజు. నైరోబీలో ఏ వేడుకైనా మేకను కాల్చాల్సిందే, న్యామ చోమ లేదంటే సగంమంది రారు. వాళ్లు కికుయులు, అంటే ఇక్కడి ఒక తెగ, వాళ్ల భాష పేరూ కికుయే. పిల్లాడి నాయనమ్మ మురాంగ వైపు పల్లె నుంచి వచ్చింది. ఇక్కడ అమ్మమ్మైనా నాయనమ్మైనా షోషో అనే పిలుస్తారు. పై అంతస్తులో ఏదో రీసెర్చ్ కోసం వచ్చిన జర్మన్ అమ్మాయి ఉంటే ఆమెనూ పిలిచారు. ఆ అమ్మాయి నేరుగా వెళ్లి షోషో పక్కన కూర్చుని కికుయులో పలకరించింది. ఇంకేముంది, ఈలలు, చప్పట్లు, చేతిలో ప్లేటు ఉన్నవాళ్లు కూడా ప్లేటు కింద పెట్టి ఫోన్లు తీశారు.

అక్కడిదాకా నాకూ ముచ్చటగానే ఉంది. తర్వాత షోషో మనవణ్ణి దగ్గరికి పిలిచి ఏదో అడిగింది. వాడు బిక్కమొహం వేశాడు. వాడికి వచ్చింది ఇంగ్లిష్, కింద పిల్లలతో ఆడుతూ పట్టుకున్న షెంగ్ అనే స్వాహిలి-ఇంగ్లిష్ కలగలుపు వీధి భాష. అప్పుడా జర్మన్ అమ్మాయి, "బళ్లో ఏం నేర్పుతున్నారని అడుగుతోంది మీ షోషో" అని వాడికి ఇంగ్లిష్‌లో చెప్పింది. వాడేదో చెప్పాడు. అది కికుయులోకి మార్చి ముసలావిడకి చెప్పింది. సొంత మనవడు చెప్పేది తెలుసుకోవడానికి నాయనమ్మకి మ్యూనిక్ నుంచి మనిషి దిగాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడవాలి కదా? లేదు, నవ్వారు. "సో స్వీట్" అన్నారు. రాత్రికల్లా ఆ వీడియో పిల్లాడి తల్లి స్టేటస్‌లో ఉంది: ముజుంగులు (తెల్లవాళ్లు) కూడా మన భాష నేర్చుకుంటున్నారు, ఇక మన భాషకి ఢోకా లేదు, పక్కన కెన్యా జెండా.

ఢోకా లేదట!

ఈ తల్లినే నేను రోజూ వింటాను, గోడ పలచన. పిల్లాడు ఇంగ్లిష్ మాటలో 'ర' బదులు 'ల' పలికితే చాలు, "ష్రబ్ చేయకు" అని గద్దిస్తుంది. ఇక్కడ దాన్ని ష్రబ్బింగ్ అంటారు. ఇంగ్లిష్‌లో అమ్మభాష యాస బయటపడటం. టీవీలో మంత్రి ష్రబ్ చేస్తే వారం రోజులు జోకులే. అంటే జర్మన్ యాసతో కికుయు మాట్లాడితే ముద్దు, కికుయు యాసతో ఇంగ్లిష్ మాట్లాడితే సిగ్గు. ఈ లెక్క ఎవరు వేశారో నాకు చెప్పండి.

2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో కికుయులు 81 లక్షల పైనే. కాగితం మీద ఈ పిల్లాడూ వాళ్లలో ఒకడే. 2010 రాజ్యాంగంలో 7వ అధికరణం ఉంది, దేశంలోని భాషల వైవిధ్యాన్ని రాజ్యం కాపాడాలని చక్కగా రాసుకున్నారు. 2017 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో మూడో తరగతి దాకా స్థానిక భాష కూడా పెట్టారు. ఇంతా చేసి, నేను చూసిన ఏ ప్రైవేటు అకాడమీలోనూ దాని ఊసు లేదు. యూనిఫారమ్ సాక్సుల రంగు మీద మాత్రం సర్క్యులర్ వస్తుంది.

విదేశీయులు నేర్చుకుంటే భాష బతుకుతుందనే ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో గానీ, అంతటా అదే పాట. బీజింగ్‌లో స్వాహిలి చెప్పడం 1960ల మొదట్లోనే మొదలైంది. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో 2017లో స్వాహిలి వచ్చింది, తర్వాత జులూ వచ్చింది. యునెస్కో జులై 7ని స్వాహిలి దినం చేసింది. మంచిదే, పండగ చేసుకోండి. కానీ కోట్లమంది మాట్లాడే స్వాహిలికి ఎవరు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఏమీ కాదు. లైకిపియా పక్క ముకొగొడో అడవిలో తేనెపట్టులు చూసుకుని బతికిన యాకు తెగవాళ్లకి ఏ యాప్ వచ్చింది? పశువుల్లేని పేదలని చుట్టుపక్కలవాళ్లు చిన్నచూపు చూస్తే, మసాయిల భాషలోకి మారిపోయారు. ఇప్పుడు యాకు మాట వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అదీ ముసలివాళ్లు.

దక్షిణాఫ్రికాలో సాన్ అనే ఆదివాసుల భాష ఒకటుంది, 'ను' అంటారు, ఆ పేరు పలకడానికే నాలుకతో టిక్ మనిపించాలి. ధారాళంగా మాట్లాడగలిగే చివరి మనిషిగా పేరుపడ్డది కత్రీనా ఈసావ్ అనే ముసలావిడ, 1933లో పుట్టింది. యూనివర్సిటీల నుంచి మైకులు పట్టుకుని వచ్చారు, అక్షరాలు తయారుచేశారు, నిఘంటువు వేశారు, కాదనను. 2014లో ప్రభుత్వం పతకం కూడా ఇచ్చింది. అయితే ఆవిడ చేసిన పని చూడండి. అపింగ్టన్‌లో తన ఇంటి దగ్గర చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి, పాటలతో, ఆటలతో ఆ మాటలు నేర్పింది. తెల్లవాళ్ల పొలాల్లో పనికి పోయిన కాలంలో ఆ జనం సిగ్గుపడి, భయపడి ఆ తెల్లవాళ్ల భాష ఆఫ్రికాన్స్‌లోకి మారిపోయారు. ఆవిడ ఎదురు నడిచింది. ఆవిడ వీడియోకి రాని లైకులు నిన్న మ్యూనిక్ పిల్ల వీడియోకి వచ్చాయి.

సిగ్గు అంటే గుర్తొచ్చింది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో తన చిన్నప్పటి బడి గురించి రాసింది చదివారా? కికుయు మాట్లాడుతూ దొరికితే బెత్తం దెబ్బలు, లేదా మెడలో రేకు పలక. దాని మీద 'నేను గాడిదను' అని రాసి ఉండేది. పొద్దున ఒక పిల్లాడి చేతికి గుండీ ఇస్తారు. ఎవడు కికుయు మాట్లాడితే వాడికి అది చేరవేయాలి. సాయంత్రానికి ఎవడి దగ్గరుంటే వాడు ముందువాడి పేరు చెప్పాలి, వాడు అంతకుముందువాడి పేరు. అంటే పిల్లల్ని ఒకరి మీద ఒకర్ని వేగులుగా తయారుచేశారు. 1952లో ఎమర్జెన్సీ పెట్టి కికుయుల సొంత బళ్లన్నీ తెల్లదొరలు లాగేసుకున్నాక జరిగిన ముచ్చట ఇది. దొరలు 1963లో వెళ్లిపోయారు. మెడలో వేసే ఆ పలక మాత్రం వెళ్లలేదు. 'డిస్క్' అని పేరు మార్చుకుని ఇక్కడ బళ్లలో చాలాకాలం తిరిగింది. మా ఆఫీసులో నలభై దాటిన ఎవర్నైనా అడగండి, నవ్వుతూ చెబుతారు. నవ్వుతూ!

గూగీ 1977లో తన ఊరు కమిరీతులో రైతులతో, కూలీలతో కలిసి కికుయులో నాటకం వేశాడు. అదే ఏడాది ఇంగ్లిష్‌లో ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసిన నవల వచ్చింది, దానికి ఎవరూ జైల్లో పెట్టలేదు. కూలీలకి అర్థమయ్యే భాషలో నాటకం వేసేసరికి డిసెంబర్ చివర్లో అర్ధరాత్రి వచ్చి పట్టుకుపోయారు. కమిటి అనే జైల్లో టాయిలెట్ కాగితం మీద కికుయులో నవల రాసుకున్నాడు. ఆ నవలనే తర్వాత మన వరవరరావు జైల్లో కూర్చుని తెలుగు చేశారు. 2025 మేలో గూగీ అమెరికాలో కన్నుమూస్తే ఇక్కడ నివాళులు చూడాలి మీరు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. పక్క ఫ్లాట్ ఆవిడ కూడా పెట్టింది, కొవ్వొత్తి ఎమోజీతో.

"అయినా విదేశీయుడు ప్రేమగా నేర్చుకుంటే నీకేంటి నొప్పి" అంటారు కదా. సరే, ప్రేమగా నేర్చుకున్న మొనగాడి కథ చెబుతా. లూయీ లీకీ, ఆదిమానవుల పుర్రెలు తవ్విన ఆయనే. మిషనరీల కొడుకు, 1903లో కబెతెలో పుట్టాడు. కికుయు పిల్లలతో పెరిగాడు, వాళ్లతోపాటు ఈడు తంతు కూడా చేయించుకున్నాడు. కేంబ్రిడ్జిలో పరీక్షకి కికుయునే భాషగా పెట్టుకున్నాడు. కికుయుల ఆచారాల మీద మూడు సంపుటాల పుస్తకం కూడా రాసి పెట్టాడు. ఇంతకన్నా భాషాభిమాని దొరుకుతాడా? 1952 చివర్లో, తర్వాత కెన్యాకి మొదటి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టాని కపెంగురియాలో బోనెక్కించినప్పుడు కోర్టు దుబాసీగా వచ్చింది ఎవరనుకున్నారు? ఈ మహానుభావుడే. తర్జుమాలో పక్షపాతం ఉందని డిఫెన్స్ లాయరు గట్టిగా అభ్యంతరం చెబితే అలిగి తప్పుకున్నాడు. కెన్యాట్టాకి ఏడేళ్ల శిక్ష పడింది. తెల్లవాళ్ల మీద తిరగబడ్డ మావ్ మావ్ వాళ్లని అణచడానికి తెల్ల ప్రభుత్వానికి సలహాలు కూడా ఈయన దగ్గరే దొరికాయి, భాష వచ్చు కదా మరి.

అన్నట్టు ఆ డిఫెన్స్ లాయరు డి.ఎన్. ప్రిట్. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ రైతుల తరఫున 1951లో మన సుప్రీంకోర్టులో వాదించింది కూడా ఈయనే. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు, కికుయు రాదు. ఎవరు ఎవరి వైపు నిలబడ్డారో చూసుకోండి. ఇది ఎవరూ స్టేటస్ పెట్టరు.

నేనేదో ఆ జర్మన్ పిల్ల మీద పడ్డాననుకోకండి. ఆ అమ్మాయి కష్టపడి నేర్చుకుంది, ఆమె యూనివర్సిటీ డబ్బులిచ్చి మరీ పంపింది. ఇక్కడే ఉంది మెలిక. ఆమెకి కికుయు వస్తే స్కాలర్‌షిప్, డాక్టరేటు, ఉద్యోగం. పక్క ఫ్లాట్ పిల్లాడికి కికుయు వస్తే ఏమొస్తుంది? వెక్కిరింత. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ కంబా తెగ మనిషి. ఆవిడకి కికంబా, స్వాహిలి, కికుయు, పని నడిచేంత ఇంగ్లిష్ వచ్చు. మా ఇంటికొచ్చాక "పప్పు మాడిపోయింది" అని తెలుగులో చెప్పడం నేర్చుకుంది. నిన్న పార్టీలో ప్లేట్లు కడిగింది ఆవిడే. ఎవరైనా వీడియో తీశారా?

ఇక మనవాళ్ల సంగతి. ఇక్కడ దశాబ్దాలుగా ఉన్న మన ఇండియన్లకి వచ్చే స్వాహిలి వినండి: "లేటా, హరాకా, న్గోజా". తీసుకురా, తొందరగా, ఆగు. మొత్తం భాషలో ఆజ్ఞలు మాత్రమే ఏరుకున్నారు. వాళ్లే ఇంటికొచ్చి "మన పిల్లలకి తెలుగు పోతోందండీ, టెన్షన్‌గా ఉంది" అంటారు.

ఇక్కడి మన సంఘం పేరెత్తను. గత ఉగాదికి ఏం చేశారో మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరో అమెరికన్ దంపతులు నైరోబీ వచ్చారు, హైదరాబాద్‌లో కొంతకాలం ఉన్నారట. వాళ్లు "నమస్కారం, బాగున్నారా, బిర్యానీ బాగుంది" అన్నారు. దానికి శాలువాలు, జ్ఞాపికలు, అరగంట ఫొటోలు. మన పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న వేమన పద్యం చూసి చదివారు, దానికీ చప్పట్లు. ఒక ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసే పలాస కుర్రాడు ఊళ్లో వాళ్ల తాత దగ్గర నేర్చుకున్న జముకుల పాట పాడతానని పేరిచ్చాడు. "టైమ్ లేదు బాబూ" అన్నారు. మైకు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఆ పిల్లాడి యాసని అనుకరించి నవ్వుకున్నారు కూడా. ఆ యాస మా విజయనగరం వైపు యాస. విజయవాడ హాస్టల్లో నన్ను చూసి నవ్వింది కూడా దీనికే. ష్రబ్బింగ్ అనే మాట మనకి లేదు గానీ సరుకు దండిగా ఉంది.

మీలో ఎవరికైనా గుర్తుందా, 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి చిన్నపిల్లల మెడలో 'నేనెప్పుడూ తెలుగు మాట్లాడను' అని ఇంగ్లిష్‌లో రాసిన పలకలు వేలాడదీసింది. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. గూగీ బళ్లో పిల్లల మెడలో రేకులు వేలాడి యాభై ఏళ్లు దాటాక, బ్రౌన్ దొర పేరు మీద గ్రంథాలయం కట్టుకున్న జిల్లాలో! బ్రౌన్‌ని తిట్టడం లేదు, ఆయన వేమనని వెతికి అచ్చేశాడు, 1852లో నిఘంటువు ఇచ్చాడు. ఆ నిఘంటువు ఇచ్చిన భాషని మాట్లాడినందుకు ఎనిమిదేళ్ల పిల్ల మెడలో పలక ఎందుకు పడిందో ఆయన వచ్చి చెప్పడు కదా. మనం చెప్పాలి. మనం పలక వేసిన బడికే ఫీజు కట్టాం.

కింద కామెంట్లలో "అయితే ఇంగ్లిష్ వద్దంటావా, నీ పిల్లలు ఏ మీడియం" అని మొదలుపెడతారని తెలుసు. ఇంగ్లిష్ వద్దని నేనెక్కడ అన్నాను? ఆ కంబా ఆవిడ నాలుగు భాషలు బుర్రలో పెట్టుకుని బస్సెక్కి వస్తోంది, ఏడేళ్లవాడి బుర్రలో రెండు పట్టవా? నాయనమ్మతో మాట్లాడే పాటి భాష ఉంటే మ్యాథ్స్ మార్కులు తగ్గుతాయా? ఎవరైనా టీచర్లు ఉంటే చెప్పండి, తిట్టను.

ఈ ఏడాది ఉగాదికి ఎవరో తెలుగు మాట్లాడే విదేశీ యూట్యూబర్‌ని రప్పిస్తారట, విమానం టికెట్‌కి తలా ఇంత వేసుకోమని గ్రూపులో మెసేజ్ వచ్చింది. పలాస కుర్రాడికి ఇరవై నిమిషాలు మైకిస్తేనే నా వాటా ఇస్తానని పెట్టాను. అందరూ చూశారు, నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కడూ జవాబివ్వలేదు. కార్యదర్శిగారు మాత్రం దాని కిందే గుడ్ మార్నింగ్ గులాబీపువ్వు పెట్టారు.