తాతగారి దూరదృష్టి, క్యాబేజీ తొందర

కూరగాయలు పండించే కుటుంబ సంస్థ ఏదైనా సరే, తన చరిత్ర రాసుకుందంటే అందులో ఒక తాతగారు ఉండి తీరాలి. నలుపు తెలుపు ఫొటో, చేతిలో పార, పక్కన నిండు గంప. ఆయనకు దూరదృష్టి ఉంటుంది. ఇంతవరకు దగ్గరి చూపున్న తాతగారు సంస్థ పెట్టిన దాఖలా ఒక్క చరిత్రలోనూ లేదు.

ఆయన దూరదృష్టి మీద నాకు అనుమానం లేదు. కాకపోతే కూరగాయకు అంత ఓపిక ఉండదు. పొద్దున కోసిన ఆకుకూర సాయంత్రానికి తల వాలుస్తుంది. "పట్టణానికి దగ్గరలో సాగు చేయాలన్న వ్యూహాత్మక నిర్ణయం" అని రాశారంటే, ఇంకాస్త దూరమైతే సరుకు దారిలోనే కుళ్లేదని అర్థం. త్వరగా పాడయ్యే పంటలు ఊరికి ఆనుకున్న మొదటి వలయంలోనే వస్తాయని జర్మనీ భూస్వామి ఫాన్ థ్యూనెన్ 1826లోనే లెక్కగట్టాడు. ఆ వ్యూహం తాతగారిది కాదు, కొత్తిమీరది.

నాయనమ్మగారు ఒకే వాక్యంలో వస్తారు: "ఆయనకు తోడుగా నిలిచారు." నారు పోశారు, నాట్లేశారు, కలుపు తీశారు, కోశారు, కట్టలు కట్టారు, చిల్లర లెక్కపెట్టారు. తోడుగా నిలవడం మాత్రం తీరిక దొరికినప్పుడు చేశారు.

రెండో తరం పేరు "విస్తరణ". ఒక ఏడు టమాటా ధర ఆకాశాన్నంటింది. మరుసటి ఏడు నాన్నగారు ఉన్న నేలంతా టమాటా వేశారు. చుట్టుపక్కల ఉన్న నాన్నగార్లందరికీ అదే ఆలోచన వచ్చింది. పంట చేతికొచ్చేసరికి కోత కూలి కూడా గిట్టని ధర. దెబ్బతిని అందరూ మానేస్తే ఆ పై ఏడు మళ్లీ ధర పెరిగింది. 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ ఈ తిరుగుడుకు సాలెగూడు సిద్ధాంతం అని పేరు పెట్టాడు. పేరు పెట్టాక కూడా ఈగలు పడుతూనే ఉన్నాయనుకోండి. సంస్థ చరిత్రలో ఆ ఏడాదిని "విలువైన పాఠాలు నేర్చుకున్న దశ" అంటారు. ఆ పాఠం ఎంత విలువైందంటే, ఫీజు కట్టడానికి రెండెకరాలు అమ్మారు.

మూడో తరంలో ఎఫ్1 హైబ్రిడ్ విత్తనం, అంటే రెండు వేర్వేరు రకాలను సంకరం చేసి తీసిన విత్తనం, వచ్చింది. మొదటి కాపు ఒకే ఎత్తు, ఒకే రంగు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ కాయల్లోంచి గింజ దాచి వేస్తే మాత్రం పోలిక నిలవదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాపే కాయదు. నేను విత్తనాల గురించే చెబుతున్నాను. వారసులు గుర్తొస్తే అది చదివేవారి ఇంటి పరిస్థితి.

పంపకాలు ఎలా చేసుకోవాలో క్యాబేజీని చూసి నేర్చుకోవాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, కేల్, ఇవన్నీ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతి. ఒకరు ఆకు పుచ్చుకున్నారు, ఒకరు పువ్వు, ఒకరు కాండం. కోర్టు గుమ్మం తొక్కలేదు. మన సంస్థలో అన్నదమ్ములు నీళ్ల మోటారు దగ్గరే ఆగిపోయారు. అందుకే "పునర్వ్యవస్థీకరణ" అనే అధ్యాయం రెండు లైన్లలో ముగుస్తుంది. అన్నట్టు, ఒకే కుటుంబానికి చెందిన పంటను ఏటా అదే మడిలో వేస్తే నేలలో తెగుళ్లు ముదురుతాయి. పంట మార్పిడి చేయమనేది అందుకే. ఈ మాట డైరెక్టర్ల మీటింగులో అనకండి, టెన్షన్ పడతారు.

ఇప్పుడు నాలుగో తరం. ఐక్యరాజ్యసమితి 2014ను కుటుంబ వ్యవసాయ సంవత్సరం అంది, చాలలేదని 2019 నుంచి 2028 వరకు ఏకంగా దశాబ్దమే ఇచ్చింది. ప్రపంచంలోని పొలాల్లో 90 శాతానికి పైగా కుటుంబాలవే కాబట్టి గౌరవం సబబే. మన సంస్థ కూడా పెట్టెల మీద "మా కుటుంబం నుంచి మీ కుటుంబానికి" అని అచ్చేయించింది, కింద నలుగురి ఫొటోతో. తోటలో వంగి కోసేవాళ్లు, ఏరేవాళ్లు, పెట్టెలకెత్తేవాళ్లు నలభై మంది. ఇంటిపేర్లు కలవలేదు గనక ఫొటోలో చోటు చాలలేదు.

చరిత్ర పుస్తకం అట్ట మీద మళ్లీ ఆ తాతగారి బొమ్మే. పాత ఫొటోలో గంపను ఒక చెయ్యి పట్టుకుని ఉండేది. అట్టకు సరిపోలేదని ఆ చెయ్యి కత్తిరించి, గంప మాత్రం ఉంచారు.